కాలేయము గట్టిపడిన అన్నవాహికకు గండి ఏల?

ఆరోగ్యముగనే పనిపాటలు చేసికొనుచున్న మనుష్యుడు ఒకనాటి రాత్రి ఉన్నట్టుండి కడుపులో త్రిప్పినట్లై, నొప్పి యేమియు లేకుండగనే గిన్నెడు నెత్తురు కక్కును. ఇంటివారు భయభ్రాంతులగుదురు. కడుపులో పుండు పగిలినదని కొందరు, ఊపిరితిత్తులు చెడినవని కొందరు, వేడిచేసినదని మరికొందరు తలచుదురు. ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి, జబ్బు కాలేయములో ఉన్నదని చెప్పినప్పుడు వారికి వెంటనే నమ్మకము కలుగదు. కాలేయము ఉదరమున కుడివైపు ప్రక్కటెముకల మాటున ఉన్నది. నెత్తురు వచ్చినది గొంతునుండి కడుపునకు పోవు అన్నవాహికనుండి. ఈ రెండింటికిని సంబంధమేమి?

ఈ సంబంధమును గ్రహించుటకు ముందుగా పంటకాలువ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు. దిగువన తూము పూడిపోయినప్పుడు కాలువలోని నీరు ఊరకుండదు, ఎగువకు ఎగదన్నును. మట్టము పెరిగి, గట్టు ఎక్కడ బలహీనముగ నున్నదో అక్కడ గండి పడును. పూడిన చోటు వేరు, గండి పడిన చోటు వేరు. కాలేయ కాఠిన్యము, అనగా సిర్రోసిస్, అను వ్యాధిలో జరుగునది ఇట్టిదే. ఇందలి రక్తస్రావమును అర్థము చేసికొనుటకు గాని, ఆపుటకు గాని గండిని మాత్రమే చూచిన చాలదు; కాలువలోని ఒత్తిడిని చూడవలెను. ఈ సత్యమును వైద్యశాస్త్రము చాల కాలము శ్రమించి నేర్చుకొన్నది.

రెండు దారుల రక్తము

కాలేయము మన దేహమునందలి గ్రంథులలో అతి పెద్దది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాములు. నిమిషమునకు దాదాపు ఒకటిన్నర లీటర్ల రక్తము దానిలోనికి ప్రవేశించును. గుండె ఒక నిమిషములో చిమ్ము రక్తములో ఇది ఇంచుమించు నాలుగవ వంతు.

ఇతర అవయవములకు రక్తము ధమనుల ద్వారా మాత్రమే వచ్చును. కాలేయమునకు రెండు దారులున్నవి. ఒకటి కాలేయ ధమని. రెండవది కాలేయ నిర్వాహక సిర. ప్రేగులు, జీర్ణాశయము, ప్లీహము మొదలగువానినుండి తిరిగివచ్చు రక్తమంతయు ఈ సిరలో చేరి, నేరుగా గుండెకు పోక, మొదట కాలేయమునకు పోవును. కాలేయమునకు చేరు రక్తములో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వచ్చును. మనము తిన్న అన్నములోని సారమును, దానితోపాటు ప్రేగులలో పుట్టిన విషపదార్థములను కాలేయ కణములు ఇచ్చటనే పరీక్షించి, ఉంచవలసినది ఉంచి, మార్చవలసినది మార్చి, మిగిలిన రక్తమును గుండెవైపు పంపును. ఊరిలోనికి వచ్చు సరకునంతయు పరిశీలించు సుంకపు ఠాణావంటిది కాలేయము.

ఆరోగ్యవంతుని కాలేయము ఈ ప్రవాహమునకు అడ్డు చెప్పదు. అందలి సూక్ష్మ రక్తమార్గముల గోడలు జల్లెడవలె రంధ్రములతో మెత్తగ నుండును. అందువలన నిర్వాహక సిరలోని ఒత్తిడికిని, కాలేయమునుండి వెలుపలికి పోవు సిరలలోని ఒత్తిడికిని గల తేడా 1 నుండి 5 మిల్లీమీటర్ల పాదరసము మాత్రమే. చేతి ధమనిలో 120 మిల్లీమీటర్ల వరకు ఉండు ఒత్తిడితో పోల్చిన, ఇది ఎంత స్వల్పమో తెలియును.

మెత్తనిది గట్టిపడుట

మితిమీరిన మద్యపానము, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి అను వైరసులు, స్థూలకాయము, మధుమేహము ఉన్నవారి కాలేయములో పేరుకొను కొవ్వు - ఇవి కాలేయమును ఏండ్ల తరబడి గాయపరచును. గాయమైన ప్రతిచోటను దేహము మచ్చ కట్టించును. చర్మముమీది మచ్చవలెనే కాలేయములోను నార పదార్థము పేరుకొనును. కాలేయ కణముల ప్రక్కన నక్షత్రాకారము గల కణములు కొన్ని కలవు. కార్ల్ వాన్ కుప్ఫర్ అను శాస్త్రజ్ఞుడు 1876లో వీనిని వర్ణించెను. మామూలు దినములలో ఇవి ఏ విటమిన్‌ను నిలువచేయుచు సాధువుగా నుండును. గాయము నిత్యమైనప్పుడు ఇవి స్వభావము మార్చుకొని నారను ఉత్పత్తి చేయ నారంభించును. కండర కణములవలె ముడుచుకొని రక్తమార్గములను నొక్కును.

ఇట్లు కొన్ని సంవత్సరములు జరిగిన పిమ్మట నునుపైన కాలేయము గట్టిపడి, గంటుగంటులుగా తయారగును. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లో ఈ వ్యాధికి సిర్రోసిస్ అని పేరు పెట్టెను. అట్టి కాలేయపు పచ్చని గోధుమ వన్నెను సూచించు గ్రీకు పదమునుండి ఆయన ఆ పేరును గ్రహించెను.

గొట్టము ఇరుకైన ఫలితమెంత తీవ్రముగ నుండునో భౌతికశాస్త్రము చదివిన విద్యార్థికి తెలియును. రక్తప్రవాహమును తెలిసికొనవలెనను కోరికతోనే సన్నని గాజుగొట్టములపై ప్రయోగములు చేసిన ఫ్రెంచి వైద్యుడు పాజయ్, ప్రవాహ నిరోధము వ్యాసార్థపు నాలుగవ ఘాతమునకు విలోమానుపాతములో నుండునని 1840వ దశకములో తెలిపెను. గొట్టపు వ్యాసార్థము సగమైనచో నిరోధము రెట్టింపు కాదు, 16 రెట్లగును!

ఒత్తిడి పెరుగు విధము

విద్యుచ్ఛక్తి పాఠములో విద్యార్థులు ఓమ్ సూత్రము నేర్తురు. రక్తమునకు కూడ అట్టి సూత్రమే వర్తించును. ఒత్తిడిలోని భేదము, ప్రవాహమును నిరోధముతో గుణించిన లబ్ధమునకు సమానము. కావున నిర్వాహక సిరలో ఒత్తిడి రెండు కారణములవలన పెరుగవచ్చును: నిరోధము పెరిగిన, లేక ప్రవాహము పెరిగిన.

సిర్రోసిస్‌లో మొదట పెరుగునది నిరోధము. ఆ పిమ్మట రెండవది కూడ తోడగును. కాలేయములో అడ్డు కలిగినప్పుడు ప్రేగులకు వచ్చు రక్తము తగ్గవలసినది. కాని అందుకు విరుద్ధముగ, నైట్రిక్ ఆక్సైడు మొదలగు పదార్థముల ప్రభావముచే ప్రేగుల ధమనులు మరింత విచ్చుకొనును. దిగువ తూము పూడియుండగా ఎగువ తలుపులు ఎత్తినట్లే కదా! ఒత్తిడి భేదము 10 మిల్లీమీటర్లు చేరిన పిమ్మట ప్రక్కదారులు ఏర్పడును. 12 మిల్లీమీటర్లు దాటినప్పుడు అవి పగులు ప్రమాదము కలుగును.

ప్రక్కదారులు ఎక్కడివి? నిర్వాహక సిరకు చెందిన శాఖలును, గుండెకు నేరుగా పోవు సిరలును కొన్నిచోట్ల సన్నని కొమ్మలచే కలిసియుండును. మామూలుగా వీనికి పని తక్కువ. పెద్దదారి మూసికొన్నప్పుడు రక్తము ఈ సందుదారులను పట్టును. బొడ్డుచుట్టు గల సిరలు ఉబ్బి చర్మముక్రింద పాములవలె కనబడవచ్చును. అన్నింటికంటె అపాయకరమైన ప్రక్కదారి జీర్ణాశయపు పైభాగమునుండి అన్నవాహిక దిగువ భాగమునకు పోవునది. అచ్చట సిరలు పలుచని లోపొర క్రిందనే యుండును. వానికి ఆసరాగ గట్టి కణజాలము లేదు. సిర్రోసిస్ గుర్తింపబడిన నాటికే దాదాపు సగము మందిలో ఇట్టి ఉబ్బుసిరలు ఏర్పడి యుండును.

ఉబ్బిన కొలది అవి పగులుటకు ఎక్కువ సిద్ధమగును. దీనికి కారణము లాప్లాస్ సూత్రము. గొట్టపు గోడపై పడు బిగువు, లోని ఒత్తిడిని వ్యాసార్థముతో గుణించి గోడ మందముతో భాగింప వచ్చును. సిర ఉబ్బినప్పుడు వ్యాసార్థము పెరుగును, గోడ పలుచనగును; ఒత్తిడి మారకున్నను బిగువు పెరుగును. సైకిలు ట్యూబులో ఒకచోట బుడ్డ లేచినచో గాలి కొట్టిన కొలది ఆ బుడ్డయే పెరిగి, తుదకు అక్కడనే పగులుట అందరును చూచినదే.

నెత్తురు పోయిన గుర్తులు

సిర పగిలినప్పుడు రక్తము పెద్దమొత్తమున పోయిన, రోగి ఎర్రని నెత్తురు వాంతి చేసికొనును. కొంతసేపు కడుపులో నిలిచిన, ఆమ్లముచే మారి అది కాఫీపొడి రంగు పొందును. ప్రేగులలోనికి దిగిన, మలము తారువలె నల్లగ, జిగటగ, దుర్వాసనతో వచ్చును. ఇనుము గల మాత్రలు మింగువారికి కూడ మలము నల్లబడును గాని, తారువంటి జిగట, ఆ దుర్వాసన అందుండవు. నల్లని మలముతోపాటు కండ్లు తిరుగుట, చెమటలు, గుండెదడ కలిగినచో లోపల నెత్తురు పోవుచున్నదని భావించి, క్షణము ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ప్రేగులలోనికి దిగిన రక్తము మరియొక హాని కూడ చేయును. రక్తములో మాంసకృత్తులు సమృద్ధిగ నున్నవి. ప్రేగులలోని సూక్ష్మజీవులు వానిని విడగొట్టగా అమ్మోనియా పుట్టును. ఆరోగ్యవంతమైన కాలేయము అమ్మోనియాను యూరియాగ మార్చును. దెబ్బతిన్న కాలేయము ఆ పని చేయలేదు. పైగా రక్తములో కొంత కాలేయమును తప్పించుకొని ప్రక్కదారిని పోవుచున్నది. అమ్మోనియా మెదడును చేరి, రోగి తికమకపడును, మగతలో పడును, ఒక్కొక్కప్పుడు స్పృహ కోల్పోవును. నెత్తురు కక్కినవాడు అసందర్భముగ మాటలాడినచో అది భయమువలననే అని అనుకొనరాదు.

గండి పూడ్చు ప్రయత్నములు

1939లో స్వీడను దేశపు వైద్యులు క్రాఫర్డు, ఫ్రెంక్నర్ అనువారు అన్నవాహికలోనికి గొట్టమును దించి, ఉబ్బుసిరలలోనికి మందును సూదితో ఎక్కించి వానిని గట్టిపరచిరి. 1950లో సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ అను అమెరికను వైద్యులు రబ్బరు తిత్తులు గల గొట్టమును రూపొందించిరి. దానిని మింగించి, తిత్తులను గాలితో నింపినచో అవి సిరలను లోపలినుండి అదిమిపట్టును. గండికి అడ్డముగ ఇసుకబస్తాలు వేసినట్లు ఇది తాత్కాలికముగ పనికివచ్చును; గాలి తీసిన పిమ్మట రక్తము మరల రావచ్చును.

1980వ దశకములో స్టీగ్‌మన్ అను అమెరికను శస్త్రవైద్యుడు సులభమైన పద్ధతిని ప్రవేశపెట్టెను. ఎండోస్కోపు కొనకు అమర్చిన సాధనముతో ఉబ్బుసిరను పీల్చిపట్టి, దాని మొదట చిన్న రబ్బరు ఉంగరమును తొడుగుదురు. రక్తము ఆడక ఆ బుడిపె కొన్ని దినములలో రాలి, ఆ చోట మచ్చ కట్టును. నేడు అన్నవాహికలోని ఉబ్బుసిరలకు ఇదియే ముఖ్యమైన చికిత్స. సాధ్యమైనంతవరకు రోగి వచ్చిన 12 గంటలలోపల దీనిని చేయుదురు.

ఐనను ఇదియంతయు గండివద్ద చేయు పనియే. ఒత్తిడిని తగ్గించు మార్గమును వెదకినవారి కథ మరింత ఆసక్తికరమైనది. 1877లో రష్యా దేశస్థుడగు నికొలాయ్ ఎక్, కుక్కలలో నిర్వాహక సిరను కాలేయమునకు పోనీయక, గుండెకు పోవు మహాసిరతో కలిపి కుట్టెను. ఎనిమిదింటిలో ఒక్క కుక్క మాత్రము రెండున్నర నెలలు బ్రతికి, తుదకు ప్రయోగశాలనుండి పారిపోయెను! తరువాత పావ్లోవ్, ఆయన సహచరులు ఇట్టి కుక్కలను శ్రద్ధతో పోషించి, మాంసము పెట్టినప్పుడు వానికి మైకము, మూర్ఛలు వచ్చుటను 1893లో ప్రకటించిరి. సుంకపు ఠాణాను తప్పించిన సరకు ఊరిని పాడుచేయునని ఆ కుక్కలు ముందే హెచ్చరించినవి.

1945లో న్యూయార్కునందు విపుల్ అను శస్త్రవైద్యుడు మనుష్యులలో ఇట్టి మార్గపు మళ్లింపును ప్రచారములోనికి తెచ్చెను. ఒత్తిడి తగ్గినది, రక్తస్రావము ఆగినది. కాని రక్తస్రావము ఆగిన రోగులు మెదడు మైకముతోను, కాలేయము పూర్తిగ క్షీణించియు మరణింపసాగిరి. మొత్తముమీద ఆయుర్దాయము ఆశించినట్లు పెరుగలేదు. నేడు కడుపు కోయకయే, మెడలోని సిరద్వారా కాలేయములోనికి పోయి, లోహపు జల్లెడ గొట్టమును అమర్చి మార్గము కల్పించుచున్నారు. ఇది 1980వ దశకపు చివర జర్మనీలో మొదటిసారి మనుష్యులలో చేయబడినది. మైకము వచ్చు ప్రమాదము దీనికి కూడ కలదు. కావున మరల రక్తస్రావమగు అవకాశము హెచ్చుగ గల రోగులను ఎన్నుకొని చేయుదురు.

నిరోధమును తగ్గించుట ఇంత కష్టమైనప్పుడు, ప్రవాహమును తగ్గింపరాదా? గుండెజబ్బులకొరకు బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ రూపొందించిన ప్రొప్రనొలాల్ అను మందు, గుండెవేగమును తగ్గించి, ప్రేగులకు పోవు రక్తమును కూడ తగ్గించును. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెబ్రెక్, ఆయన సహచరులు దీనివలన మరల రక్తస్రావమగుట బాగుగ తగ్గునని 1981లో చూపిరి. ఖరీదైన యంత్రము కాని, కత్తి కాని లేకుండ చిన్న మాత్ర ఈ పనిని సాధించినది. రక్తస్రావము జరుగుచున్న సమయమున మాత్రము టెర్లిప్రెసిన్, ఆక్ట్రియోటైడ్ వంటి మందులను సిరలోనికి ఎక్కించి ప్రేగుల ప్రవాహమును తగ్గింతురు. రక్తస్రావ సమయమున సూక్ష్మజీవులు దేహములో వ్యాపించు భయము హెచ్చు గనుక, యాంటీబయాటిక్ మందులను కూడ వెంటనే ఇత్తురు.

నీరు వదలుచు గండి పూడ్చుట

నెత్తురు పోయినవానికి నెత్తురు ఎక్కించుట సహజముగ తోచు చికిత్స. ఎంత ఎక్కించిన అంత మేలని చాల కాలము తలచిరి. కాని గండి పడిన కాలువలోనికి ఎగువనుండి నీరు వదలినచో ఏమగును? మట్టము పెరిగి, పూడ్చిన కట్ట కొట్టుకొనిపోవును.

స్పెయిను దేశమున బార్సిలోనా నగరపు వైద్యులు ఈ ప్రశ్నను ప్రయోగముచే పరీక్షించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. జీర్ణమార్గపు పైభాగమున రక్తస్రావమైన 921 మందిని రెండు వర్గములుగ విభజించిరి. వీరిలో సిర్రోసిస్ రోగులును, ఇతరులును కలరు. అతి భీకరముగ రక్తము పోవుచున్నవారిని మాత్రము ఈ ప్రయోగములో చేర్చలేదు. ఒక వర్గమునకు డెసిలీటరు రక్తములో హీమోగ్లోబిన్ 9 గ్రాములకంటె తగ్గినప్పుడు, రెండవ వర్గమునకు 7 గ్రాములకంటె తగ్గినప్పుడే రక్తమెక్కించిరి. 6 వారముల పిమ్మట చూడగా, ఎక్కువ రక్తమెక్కించిన వర్గములో నూటికి 91 మంది, తక్కువ ఎక్కించిన వర్గములో నూటికి 95 మంది బ్రతికియుండిరి. మరల రక్తస్రావమగుట కూడ రెండవ వర్గములోనే తక్కువ. ఎక్కువ రక్తము పొందిన సిర్రోసిస్ రోగులలో నిర్వాహక సిర ఒత్తిడి పెరుగుట కొలతలలో కనబడినది. వ్యాధి మిక్కిలి ముదిరినవారిలో మాత్రము రెండు వర్గములకు తేడా తోచలేదు. నేడు సిర్రోసిస్ రోగులకు హీమోగ్లోబిన్ 7, 8 గ్రాముల మధ్య ఉండునట్లు మాత్రమే సామాన్యముగ రక్తమెక్కింతురు.

ఇట్టి పాఠమే మరియొకటి కలదు. రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములలో అధికభాగము కాలేయములోనే తయారగును. కావున సిర్రోసిస్ రోగుల రక్తము గడ్డకట్టదనియు, అందుకే రక్తస్రావమగుననియు వెనుక తలచెడివారు. కాని గడ్డకట్టుటను అడ్డగించు పదార్థములు కూడ కాలేయములోనే తయారగును. రెండును తగ్గుటచే త్రాసు ఇంచుమించు సమముగనే నిలుచును. ఐతే ఏవైపునకైనను సులభముగ మొగ్గును. గడ్డను కరుగనీయని ట్రానెగ్జామిక్ ఆమ్లమను మందును 15 దేశములలో జీర్ణమార్గ రక్తస్రావము గల 12,009 మందిపై పరీక్షించి, 2020లో ఫలితములు ప్రకటించిరి. మరణములు తగ్గలేదు, పైగా సిరలలో అక్కరలేని గడ్డలు ఎక్కువైనవి. లోపము ప్రధానముగ రక్తములో లేదు, ఒత్తిడిలో ఉన్నది.

తూము పూడకుండ చూచుట

ఇన్ని సాధనములు వచ్చిన పిమ్మట ఫలితములు మెరుగైనవి. ఐనను ఉబ్బుసిర పగిలిన ప్రతి నూరుగురిలో 15 నుండి 20 మంది 6 వారములలోపల మరణించుచున్నారు. కావున సిర్రోసిస్ ఉన్నదని తెలిసినవారు రక్తము పడువరకు వేచియుండరాదు. ఎండోస్కోపుతో గాని, కాలేయపు గట్టిదనమును కొలుచు యంత్రముతో గాని ముందుగ పరీక్షించుకొని, వైద్యుడు చెప్పిన మాత్రలు వాడినచో గండి పడకముందే గట్టు పటిష్ఠమగును. ఒడలినొప్పులకు దుకాణములలో అడిగి కొను ఐబుప్రొఫెన్, డైక్లొఫినాక్ వంటి మాత్రలు వీరికి ప్రమాదకరములు. నెత్తురు కక్కుచున్నవానిని ప్రక్కకు ఒత్తిగిలి పడుకొనబెట్టవలెను, ఏమియు త్రాగింపరాదు, నాటుమందులకొరకు కాలము వృథా చేయరాదు.

అంతకంటె ఉత్తమమైనది మూలకారణమును తొలగించుట. మద్యము మానినచో గట్టిపడిన కాలేయములో సైతము ఒత్తిడి కొంత తగ్గవచ్చును. హెపటైటిస్-సి వైరసును నేడు కొన్ని వారములపాటు మ్రింగు మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగ పోగొట్టవచ్చును. హెపటైటిస్-బికి టీకా కలదు. ఇది ఒకప్పుడు విదేశములనుండి వచ్చి, సామాన్యులకు అందని ధరలో నుండెడిది. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మన దేశముననే దానిని జీవసాంకేతిక పద్ధతిచే తయారుచేసి విడుదల చేయుటతో ధర బాగుగ దిగివచ్చినది. ఇప్పుడు పసిబిడ్డలకు ప్రభుత్వమే ఉచితముగ వేయించుచున్నది. పుట్టిన 24 గంటలలో వేయు మొదటి మోతాదు తల్లినుండి బిడ్డకు వైరసు సోకకుండుటకు ముఖ్యమైనది.

పసిబిడ్డ తొడకు వేసిన ఆ చిన్న సూదిమందు, నలువది యేండ్ల తరువాత ఒక రాత్రి జరుగవలసిన రక్తస్రావమును జరుగకుండ చేయగలదు. గండి పడిన రాత్రి లాంతర్లు పట్టుకొని పరుగెత్తుటకంటె, వేసవిలోనే తూములు బాగుచేయించుకొనుట మేలని రైతులెరుగుదురు. కాలేయము విషయమునను అంతే.